వెనకవైపు బిగించిన బోల్టు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. ఏ రకం చక్రాల కుర్చీ మంచిది, మంచానికి మోటారు పెట్టించాలా వద్దా, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, వాళ్లు అడగనిదీ నేను చెప్పనిదీ ఒకటి మిగిలిపోయిందని అనిపిస్తుంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు నర్సింలు. వికారాబాద్‌లో ఒక సేవాసంస్థ నడిపే చిన్న వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. నడవలేనివాళ్లకు కుర్చీలు, మంచాలు వాళ్ల ఒంటికి సరిపోయేలా బిగించడం, పాడైతే బాగుచేయడం, ఇళ్లకు వెళ్లి చూసి రావడం మా పని. వారానికి ఒకరోజు తాండూరులో కూర్చునేవాళ్లం. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి ఎవరికీ పనికిరావు. రెండు తప్పులు చేశాను. వాటి గురించి చెప్తే చాలు.

కుర్చీ చెయ్యి

చక్రాల కుర్చీకి రెండు పక్కలా చేతులుంటాయి. కూర్చున్న మనిషి పక్కకు ఒరిగిపోకుండా అవి ఆపుతాయి. కానీ నడుము కింద చచ్చుబడిన మనిషి మంచం మీదికి పోవాలంటే లేచి నిలబడలేడు కదా, పక్కకే జరగాలి. అప్పుడు ఆ పక్క చెయ్యి ఊడి రావాలి. అంటే అదే ఇనుప ముక్క ఒకప్పుడు కదలకూడదు, మరొకప్పుడు అడ్డం ఉండకూడదు. మంచానికి పక్కన ఉండే కడ్డీల సంగతీ అంతే. మా పనిలో సగం ఇదే.

నాకు పని నేర్పినవారు జహంగీర్ సాబ్. తాండూరు మనిషి. సైకిళ్లు బాగుచేస్తూ మొదలుపెట్టి మా దగ్గర పెద్ద మిస్త్రీ అయ్యారు. నేను చేరిన కొత్తలో వచ్చే కుర్చీల చేతులకు లాకు ఉండేది కాదు. పైపులో ఊరికే దించి ఉండేవి. సాబ్ ఒక చేతిని రెండు వేళ్లతో పైకి లాగి చూపించి, "నర్సింలూ, గిది చెయ్యి గాదు, డబ్బల చెంచా. ఎవరు లాగితె వాళ్ల ఎంట వస్తది" అన్నారు. నేను నవ్వాను.

వికారాబాద్‌లోనే ఉండే చెన్నమ్మ అనే పెద్దామెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. అలాంటి కుర్చీయే ఆమెకు ఇచ్చాను. కొన్నాళ్లకు ఇంటివాళ్లు ఆమెను అనంతగిరి గుడికి తీసుకెళ్లారు. మెట్ల దగ్గర తమ్ముడి కొడుకులిద్దరూ చెరో పక్క కుర్చీ చేతులు పట్టుకుని ఎత్తారు. నాలుగో మెట్టు మీద ఒక చెయ్యి ఊడి ఆ పక్క అబ్బాయి చేతిలోకి వచ్చేసింది. చెన్నమ్మ మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రికి వెళ్తే ఆమె తమ్ముడు బయట బెంచీ మీద ఉన్నాడు. నన్ను కూర్చోమని జరిగాడు.

"సారూ, కుర్చి ఎక్కడ పట్టుకొని లేపాల్నో నువ్వు జెప్పనే లేదు గద" అన్నాడు.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అన్నాడు. నేను నిజంగానే చెప్పలేదు. కింద ఉన్న ఫ్రేము పట్టుకోవాలని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ తర్వాత చెన్నమ్మ మళ్లీ కుర్చీలో కూర్చోలేదు.

జహంగీర్ సాబ్ వారం రోజులు కూర్చుని ఒక లాకు తయారుచేశారు. కుర్చీ చేతికి ముందువైపు, కూర్చున్న మనిషి బొటనవేలు ఆనేచోట, చిన్న స్ప్రింగు మీట. నొక్కితే చెయ్యి ఊడుతుంది, నొక్కకపోతే ఇద్దరు పహిల్వాన్లు లాగినా రాదు. అప్పటినుంచి ఆ లాకు లేకుండా మా దగ్గరినుంచి ఒక్క కుర్చీ బయటికి పోలేదు.

ఖాళీ గడి

సాబ్ రిటైరయ్యాక ఆయన పనిచేసే బెంచీ నాకు వచ్చింది. చెన్నమ్మ పడిన సంగతి నా లోపల అలాగే ఉంది. ఏ కుర్చీ పంపినా ముందు ఊపి చూసేవాణ్ణి, తర్వాత ఇంకో బోల్టు వేసేవాణ్ణి. భయపడే మనిషి చేతిలో స్పానర్ ఉంటే ఇంతే, బిగిస్తూనే పోతాడు.

అప్పట్లో మా సంస్థ బాధ్యత ప్రమీల మేడం చూసేవారు. కష్టపడే మనిషి. మా కోసం ఎవరితోనైనా కొట్లాడేవారు. నెలనెలా పంపే రిపోర్టులో 'పడిపోయినవారు' అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే ఆమెకు సంతోషం. చూడ్డానికి వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా నర్సింలు మిస్త్రీ అయ్యాక బిగించిన కుర్చీలోంచి ఇప్పటిదాకా ఒక్కరు పడలేదు" అనేవారు. నాకు ఆ మాట బాగుండేది. ఇంటికొచ్చి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ గడి మమ్మల్ని చెడగొట్టింది. మనిషి పడ్డాడా లేదా అనే అందులో రాయాలి. మనిషి ఎలా ఉన్నాడని రాయడానికి చోటు లేదు. చోటు లేనిదాన్ని మేము అడగడం మానేశాం.

బుగ్గప్ప

బొంరాస్‌పేట పక్క ఊళ్లో మేకలు కాసుకునే మనిషి బుగ్గప్ప. నలభై దాటి ఉంటాయి. మేకలకు మండ నరకడానికి వేపచెట్టెక్కి జారి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. మూత్రానికి పైపు, సంచి పెట్టారు. కానీ చేతులు మాత్రం గొడ్డలి పట్టిన చేతులు. కుర్చీలోంచి మంచంలోకి జరగడం నేర్చుకోవడానికి అందరికీ నెలలు పడుతుంది. అతను పది రోజుల్లో నేర్చుకున్నాడు. పట్టుకోవడానికి నేను దగ్గరికి పోతే, "నువ్వు జర అటు జరుగు సారూ, నేను జేస్త" అనేవాడు. బొటనవేలితో లాకు నొక్కి, చెయ్యి తీసి పక్కన పెట్టి, రెండు చేతుల మీద ఒళ్లెత్తి నులక మంచం మీదికి వెళ్లిపోయేవాడు. మళ్లీ అలాగే వచ్చేవాడు.

అతని భార్య మాణెమ్మ ఇక మేకల వెంట తనే పోయేది. పగలంతా బుగ్గప్ప ఒక్కడే. తన ఇష్టం వచ్చినప్పుడు కుర్చీలోకి, ఇష్టం వచ్చినప్పుడు మంచంలోకి. చిన్న మేకపిల్లలు ఇంటి దగ్గరే ఉండేవి. వాటికి సీసాతో పాలు పట్టేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కుర్చీ చెయ్యి తీసేసి, కింద పడుకున్న మేకపిల్లను అందుకోబోయి వంగి పడిపోయాడు. మాణెమ్మ వచ్చేదాకా వాకిట్లోనే ఉన్నాడు. ఎముకలేవీ విరగలేదు. కానీ పాక్కుంటూ కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు తొడ వాకిట్లోని మొరం కంకరకు ఒరుసుకుపోయింది. స్పర్శ లేదు కాబట్టి అతనికి తెలియలేదు. అది పుండయి, లోతుకు దిగి, మానడానికి నెలలు పట్టింది. రోజూ రెండుసార్లు కడిగి కట్టు కట్టింది మాణెమ్మే.

పుండు మానాక ముగ్గురూ ఆటోలో వర్క్‌షాపుకు వచ్చారు. మాణెమ్మ, ఆమె తమ్ముడు ఎల్లప్ప, బుగ్గప్ప.

"సారూ, గా చెయ్యి ఆయన తియ్యరాకుంట జెయ్యి" అంది మాణెమ్మ.

"తియ్యకుంటె మంచం మీదికి ఎట్ల పోతడు?" అన్నాను.

"నేనే పండవెట్టి పోత. మాపటికొచ్చి లేపి కూసోవెడ్త. ఇంట్ల లేనప్పుడు ఆయన ఏం జేస్తున్నడో అని నాకు అడివిల పానం నిలుస్తలేదు."

ఎల్లప్ప కూడా అందుకున్నాడు. "మంచానికి గూడ కడ్డీలు వెట్టి బందోబస్తు జెయ్యి సారూ. మల్ల పడితె మా అక్క ఆగమైతది."

మా దగ్గర ఎవరో ఇచ్చిన మంచం ఒకటి ఉంది. తల వైపు లేస్తుంది, మధ్యలో మడిస్తే కుర్చీలా అవుతుంది, రెండు పక్కలా కడ్డీలు ఉంటాయి. దాన్ని ఇస్తానన్నాను. కుర్చీ ముందువైపున్న సాబ్ లాకు విప్పేశాను. సీటు కింద, వెనకవైపు, తోసేవాళ్లకు మాత్రమే అందేచోట రెండు స్ప్రింగు బోల్టులు బిగించాను. మంచం కడ్డీల బోల్టులు కాళ్లవైపు చివరకు మార్చాను. పడుకున్న మనిషికి అవి అందవు. పని శుభ్రంగా వచ్చింది. ఊపి చూశాను, ఇసుమంత కూడా కదల్లేదు.

బుగ్గప్ప పక్కన బెంచీ మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. చివర్లో ఒక్కటి అడిగాడు.

"నేను దిగాల్నంటె ఎట్ల సారూ?"

నేను కుర్చీ కింద ఉన్నాను. తల ఎత్తకుండానే, "పిలువు. ఎవరన్న వస్తరు" అన్నాను.

ప్రమీల మేడం వచ్చి ఆ బోల్టులు చూసి మెచ్చుకున్నారు. అలాంటివి ఇంకా చాలా కుర్చీలకు, మంచాలకు వేశాను.

మధ్యాహ్నం వెళ్లిన రోజు

తర్వాత రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లాను. రెండుసార్లూ ముందుగా చెప్పి, పొద్దున్నే వెళ్లాను. మాణెమ్మ టీ పెట్టింది. పక్క శుభ్రంగా ఉంది. "ఎట్లున్నవ్ బుగ్గప్పా" అంటే "మంచిగున్న" అన్నాడు. పడలేదని రాసుకుని వచ్చాను.

మూడోసారి కొడంగల్‌లో వేరే పని ముగించుకుని, చెప్పకుండా వెళ్లాను. అప్పటికి ఏడాది కావస్తోంది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లాను.

బుగ్గప్ప మంచం మీద ఉన్నాడు. రెండు పక్కలా కడ్డీలు పైకి లేపి ఉన్నాయి. చేతికి అందేచోటే చెంబు నిండా నీళ్లున్నాయి, ముట్టుకున్నట్టు లేదు. గదంతా మూత్రం వాసన. మంచం కింద వేలాడే సంచి నిండి ఉంది. దానిలో రంగు చూస్తేనే భయం వేసింది. అన్నిటికంటే ముందు నా కళ్లు అతని భుజాల మీదికి పోయాయి. ఆ కండలు ఏవీ లేవు. ఎముకలు పైకి తేలి ఉన్నాయి.

"నీళ్లెందుకు తాగలే?" అన్నాను.

"తాగితె సంచి నిండుతది సారూ. నిండినంక పక్క తడుస్తది. ఆమె వచ్చెదాక తడిల పండాలె. గందుకే పొద్దుగాల ఒక గుక్క, మాపటికి ఒక గుక్క."

సంచి అతనే ఖాళీ చేసుకునేవాడు మునుపు. ఇప్పుడు కడ్డీ అడ్డం. నేను పెట్టిన కడ్డీ.

సిగ్గు లేకుండా అడిగాను. "పిలువుమన్న గద?"

"పిలిచిన. మొదట్ల మస్తు పిలిచిన. అందరు చేన్లకు పోతరు సారూ, ఎవరుంటరు? మేకపిల్లలొచ్చి చూసి పోయినయి."

చెప్పి కొద్దిగా నవ్వాడు. నేను సంచి ఖాళీ చేసి, బండిలోంచి పనిముట్లు తెచ్చి అక్కడికక్కడే కడ్డీల బోల్టులు విప్పాను. కుర్చీవి కూడా విప్పి చేతులు తీసేశాను. కుర్చీని మంచానికి ఆనించి, "రా బుగ్గప్పా" అన్నాను.

అతను రెండు చేతులూ ఆనించి లేవబోయాడు. మోచేతులు వణికాయి. ఒళ్లు లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి సగంలోనే వెనక్కి వాలిపోయి రొప్పుతూ ఉండిపోయాడు. నన్ను పక్కకు జరగమన్న మనిషి అతనే. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే?" అన్నాను చివరికి.

"ఆ పొద్దు షాపుల మీరు ముగ్గురు మాట్లాడుకుంటుండ్రి. నన్ను గూడ అడుగుతరేమో అని చూసిన. నేనే ఒకటి అడిగితె పిలువుమంటివి. ఇగ నేనేం జెప్త?"

మాణెమ్మ వచ్చేదాకా ఉన్నాను. విప్పి పడేసిన కడ్డీలు చూసి ఆమె ముఖం మారిపోయింది.

"ఏం జేసినవ్ సారూ? గా పుండు కడిగింది నేను. మల్ల అయితె కడిగేది గూడ నేనే. నువ్వు బండెక్కి పోతవ్."

ఆమె అన్నది నిజం. ఆమె దుర్మార్గురాలు కాదు. మేకల్ని వదిలేస్తే తిండి లేదు, ఇతన్ని వదిలేస్తే ధైర్యం లేదు. ఆమె భయానికి ఒక దారి చూపించాల్సినవాణ్ణి నేను. చూపించకుండా బోల్టు బిగించి పంపాను. చెంబులో నీళ్లు ఎందుకు మిగిలాయో ఆమెకు చెప్పాను. ఆమె చెంబు వైపు చూసి అలాగే గడప మీద కూర్చుంది. ఆకలి లేదంటున్నాడని, నీళ్లు వద్దంటున్నాడని ఆమెకు తెలుసు. ఎందుకో తెలియదు.

ఆ తర్వాత బుగ్గప్పనే అడిగాను, ఏం కావాలో. వెంటనే చెప్పాడు. "గీ మంచం తీస్కపో సారూ. నా నులక మంచం గోడకు నిలవెట్టిన్రు, అది ఎయ్యి."

నులక మంచం వేసి, దాని మీద మెత్తటి పరుపు వేశాం. దాని ఎత్తుకు తగ్గట్టు కుర్చీ సీటు దించాను. ముందువైపు లాకు మళ్లీ పెట్టాను. మధ్యలో ఆనించుకుని జరగడానికి నున్నటి చెక్క ఒకటి ఇచ్చాను. మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసేలా పక్కింటి ముసలామెను మాణెమ్మ ఒప్పించింది. కొన్ని నెలలకు ఎవరైనా ఒక చెయ్యి వేస్తే జరగగలిగాడు. ఒంటరిగా మాత్రం మళ్లీ ఎన్నడూ జరగలేదు.

విప్పుకుంటూ తిరగడం

ఆ వారం తాండూరు వెళ్లినప్పుడు జహంగీర్ సాబ్ ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

"బిగించినంక దాన్ల నువ్వు ఒకసారి కూసున్నవా? చెయ్యి ఎనకకు వెట్టి చూసినవా?"

"లేదు సాబ్."

టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. "అసుంటివి ఎవరెవరి ఇండ్లల్ల ఉన్నయో రాసుకున్నవా?" అన్నారు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ప్రమీల మేడంతో చెప్పాను, అన్నీ మార్చాలని. "మార్చాక ఎవరైనా పడితే ఎవరిది బాధ్యత?" అన్నారు. నాదే అన్నాను. ఆమె సరేనన్నారు. తర్వాత రిపోర్టులో ఇంకో గడి చేర్చింది కూడా ఆమే. 'తనంతట తాను దిగగలరా' అని. ఆమె గురించి ఇది చెప్పకపోతే అన్యాయం.

పాత రిజిస్టరు పట్టుకుని తాండూరు, కొడంగల్, వికారాబాద్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా దానికే సరిపోయింది. కొందరికి వెంటనే మేలు జరిగింది. తాండూరులో పాలిష్ బండల పనిచేసి కాళ్లు పోగొట్టుకున్న ఒకాయన, ముందువైపు లాకు పెట్టిన రోజే తనంతట తాను మంచం ఎక్కి, ఇంట్లోవాళ్లను గది బయటికి పొమ్మన్నాడు. కొన్ని ఇళ్లకు ఆలస్యంగా వెళ్లాను. ఒకచోట మనిషి పోయి చాలా రోజులైంది, కుర్చీ అటక మీద ఉంది. దాన్ని దింపించి బోల్టులు విప్పి వచ్చాను. ఎందుకు విప్పుతున్నానో ఆ ఇంటివాళ్లకు అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

అన్నిచోట్లా విప్పేయమని నేననను. మతి తప్పిన ఒక తల్లిని చూసుకునే కూతురు, "మా అమ్మ లేసి పొయిల చెయ్యి వెడ్తది సారూ, ఉండనియ్యి" అంది. ఆ ఇంట్లో గంటసేపు కూర్చుని చూశాను. ఉండనిచ్చాను. గంట కూర్చుని చూశాక పెట్టడం వేరు. కుర్చీ కింద పడుకుని తల ఎత్తకుండా పెట్టడం వేరు.

మీకు చెప్పగలిగింది ఇంతే. కుర్చీ ఎవరిదో వాళ్లతో ముందు మాట్లాడండి. చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా మాట్లాడుతుంటే ఇంకా ముందు మాట్లాడండి. చెప్పకుండా వెళ్లండి, మధ్యాహ్నం పూట వెళ్లండి. చెంబులో నీళ్లు చూడండి.

మాణెమ్మ

ఆ మంచం మార్చిన మరుసటి వానాకాలం బుగ్గప్పకు జ్వరం వచ్చింది. మూత్రపిండాలకు చీము పట్టిందన్నారు. తాండూరు నుంచి హైదరాబాదు తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. ఆ జబ్బు పాతదని, ఎప్పటినుంచి ఉందో చెప్పలేమని డాక్టరు అన్నారట.

కొన్నాళ్లకు మాణెమ్మ కుర్చీ మడిచి బస్సులో వేసుకుని వర్క్‌షాపుకు వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని తెచ్చానంది. కడిగి, తుడిచి తెచ్చింది. నీళ్లిస్తే తాగి బెంచీ మీద కూర్చుంది.

"సారూ, ఒకటడుగుత. నేను గట్ల జెయ్యమనకుంటె ఆయన ఉండునా?"

తెలియదని అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ మాటతో ఆమె ఒక్కతే ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోవాలి.

"నువ్వు భయపడి అడిగినవ్ మాణెమ్మా. బిగించింది నేను. గట్ల బిగిస్తె ఏమైతదో తెలవాల్సింది నాకు" అన్నాను.

ఆమె కుర్చీ లాకు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసింది.

"అయితె ఇద్దరం జేసినం" అంది.

నేను కాదనలేదు. బస్సుకు టైమైందని లేచింది. బస్టాండు దాకా తోడు వెళ్లాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "పోయొస్త సారూ" అంది.